బాక్స్ సర్దడం సాయంత్రం డబ్బాతో మొదలుపెట్టండి

ఆఫీసుకి ఇంటి బాక్స్ తీసుకెళ్ళేవాళ్ళు హైదరాబాద్‌లో తక్కువేం కాదు. అన్నం, పప్పు, ఓ వేపుడు, కాస్త పెరుగు. మధ్యాహ్నం సంగతి ఎలాగోలా గడిచిపోతుంది. దెబ్బ పడేది సాయంత్రం అయిదున్నరకి. అప్పటికి తిన్నది అరిగిపోయి ఉంటుంది. ఇల్లు చేరడానికి ఇంకా రెండు మూడు గంటలు. కిందకి దిగితే మిర్చి బజ్జీల బండి, దాని పక్కనే సమోసాలు. ఆకలి మీద తిన్న ఆ ప్లేటుతో రాత్రి భోజనం పదిన్నరకి జరుగుతుంది, పొద్దున కడుపు బరువుగా ఉంటుంది. మధ్యాహ్నం ఎంత పద్ధతిగా తిన్నా లాభం లేకుండా పోతుంది.

అందుకే నేను చెప్పే పద్ధతిలో మొదట సర్దేది సాయంత్రం డబ్బా. లంచ్ దాని తర్వాతే.

ముందు మీ రోజు లెక్క తీయండి

వంట గురించి ఆలోచించే ముందు ఓ కాగితం మీద నాలుగు టైములు రాయండి: ఇంట్లోంచి బయల్దేరేది, మధ్యాహ్నం తినేది, సాయంత్రం ఆకలేసేది, తిరిగి ఇల్లు చేరేది. ఎల్బీనగర్‌లో ఉంటూ హైటెక్ సిటీ వైపు పనిచేసేవాళ్ళనే తీసుకోండి. మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, రాయదుర్గంలో దిగి, అక్కణ్ణించి షటిలో ఆటోనో పట్టుకోవాలి. పొద్దున ఏడున్నరకి మూతపెట్టిన లంచ్ డబ్బా ఒంటిగంటన్నరకి తెరుచుకుంటుంది. అంటే ఆరు గంటలు. సాయంత్రం డబ్బా అయితే పది గంటలు. ఏది పెట్టాలి, ఏది పెట్టకూడదు అన్నది ఈ రెండు అంకెల మీదే ఆధారపడి ఉంటుంది. మెట్రో రైల్లో తినడానికి అనుమతి లేదు కాబట్టి ‘దారిలో తినేస్తాలే’ అని లెక్కేసుకోకండి.

టైముల పక్కనే ఇంకో మూడు విషయాలు రాసుకోండి. పనిచేసే చోట ఫ్రిజ్ ఉందా? మైక్రోవేవ్ ఉందా? కూర్చుని తినే తీరిక ఉందా? హాస్పిటల్లో పన్నెండు గంటల డ్యూటీ చేసే నర్సుకి ఫ్రిజ్ ఉండొచ్చు కానీ పావుగంట తీరిక ఉండదు. క్యాబ్ డ్రైవర్‌కి తీరిక దొరుకుతుంది కానీ చేతులు కడుక్కునే చోటు దొరకదు, పైగా ఎండలో నిలిపిన కారు లోపల బయటికన్నా బాగా వేడిగా ఉంటుంది. ఇద్దరికీ ఒకే బాక్స్ పనికిరాదు.

ఏది నిలుస్తుంది, ఏది పాడవుతుంది

ఇది కాస్త ఓపిగ్గా చదవండి, మిగతాదంతా దీని మీదే నడుస్తుంది. వండిన తిండిలో బాక్టీరియా జోరుగా పెరిగేది 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య. ఆ మధ్యలో రెండు గంటలకి మించి ఉంచొద్దని ఆహార భద్రత నియమం. ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. మే నెలలో మన ఊళ్ళో నలభై దాటుతుంది. ఆ లెక్కన చూస్తే మన లంచ్ డబ్బాల్లో చాలావరకు ఫెయిలే. కాబట్టి డబ్బాలోకి వెళ్ళే ప్రతి వస్తువుకీ నాలుగింట్లో ఒక్కటైనా తోడుండాలి: పొడిగా ఉండాలి, లేదా పుల్లగా ఉండాలి, లేదా పొగలు కక్కేంత వేడిగా ఉండాలి, లేదా చల్లగా ఉండాలి. గోరువెచ్చగా, తడిగా, చప్పగా ఉన్నదే ప్రమాదం. పులుపు కూడా ఎంత ఎండకైనా గ్యారంటీ కాదు, బాక్టీరియా పెరగడాన్ని మందగింపజేస్తుంది, అంతే.

అన్నం విషయంలో ఓ మాట గట్టిగా చెప్పాలి. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉంటాయి. అవి ఉడికించినా చావవు. అన్నం గది వేడిలో గంటల తరబడి ఉంటే మళ్ళీ మొలకెత్తి విషం తయారుచేస్తాయి, ఆ విషం తర్వాత వేడిచేసినా పోదు. రాత్రి మిగిలిన అన్నాన్ని గిన్నెలోనే గట్టు మీద వదిలేసి, పొద్దున దానికి పోపేసి నిమ్మకాయ పిండి డబ్బాలో పెట్టడం చాలా ఇళ్ళలో అలవాటు. అది మానేయండి. రాత్రి అన్నం వాడాలనుకుంటే తిన్న గంటలోపే పళ్ళెంలో పల్చగా పరిచి చల్లార్చి, మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున తీసి బాగా వేడెక్కేదాకా కలపండి. అలా అయితే ఇబ్బంది లేదు.

సాయంత్రం డబ్బా

పది గంటలు బయట ఉండేది కాబట్టి ఫ్రిజ్ లేనివాళ్ళు ఇందులో పొడి సరుకే పెట్టాలి. పల్లీలు, పుట్నాలు, నువ్వుల లడ్డు, మరమరాలు, ఓ పండు. వినడానికి బీదగా ఉంది కదా? లెక్క చూడండి. ముప్ఫై గ్రాముల వేయించిన పల్లీలు, అంటే ఓ గుప్పెడు, ఏడెనిమిది గ్రాముల ప్రోటీన్ ఇస్తాయి. ఓ కోడిగుడ్డులో ఉండేది ఆరు గ్రాములు. అరవై కిలోల మనిషికి రోజుకి సుమారు యాభై గ్రాములు కావాలి. ఓ గుప్పెడు పల్లీలతో ఓ గుప్పెడు పుట్నాలు కలిపితే అందులో నాలుగో వంతు సాయంత్రమే అయిపోతుంది. పక్కన చిన్న బెల్లం ముక్క ఉంటే టీలో రెండో చెంచా చక్కెర అడగాలనిపించదు. అయితే పల్లీలకి కొలత ఉండాలి. గుప్పెడంటే నూటడెబ్బై కేలరీల దాకా. డబ్బా నిండా పోసుకుని మీటింగ్‌లో కూర్చుంటే మూడు గుప్పెళ్ళు తెలియకుండానే పోతాయి. రోజువారీ కొలత ఇంట్లోనే చిన్న డబ్బాలో పోసుకోండి.

మరమరాల మిక్స్ ఆదివారం చేసి పెట్టుకుంటే వారం వస్తుంది. రెండు చెంచాల నూనెలో ముందు పల్లీలు వేయించి, వెల్లుల్లి దంచి వేసి, కరివేపాకు కరకరలాడాక పుట్నాలు, పసుపు, కొంచెం కారం, ఉప్పు. మరమరాలు చివర్లో, మంట బాగా తగ్గించి. ఓ పలుకు నోట్లో వేసుకుంటే పళ్ళకి అతుక్కోకుండా విరగాలి, అప్పుడు దింపండి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోయాలి. ఉల్లిపాయ, కొత్తిమీర కలుపుకోవాలనిపిస్తే ఫ్రిజ్ ఉన్నవాళ్ళు వేరే చిన్న డబ్బాలో తీసుకెళ్ళి తినేటప్పుడు కలుపుకోండి.

పండ్లలో జామ, కమలా, అరటి నమ్మకమైనవి. కోసిన బొప్పాయి, పుచ్చకాయ ఫ్రిజ్ ఉన్నవాళ్ళకే. అరటిపండు సంచీలో అడుగున పెడితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

గుగ్గిళ్ళు (మన తెలంగాణ ఇళ్ళల్లో గుడాలు) చాలామంది సాయంత్రానికి పెట్టుకుంటారు. నేను మాత్రం వాటిని పొద్దున పదకొండుకి తినేయమంటాను. ఉడికించిన గింజ, లోపల తడి ఉంటుంది; ఎండాకాలం సాయంత్రందాకా ఆగదు. పదకొండుకి ఓ చిన్న కప్పు తింటే లంచ్‌లో రెండో వడ్డన అవసరం పడదు, అది ఇంకో లాభం. ఆఫీసులో ఫ్రిజ్ ఉంటే మాత్రం సాయంత్రమే పెట్టుకోండి.

చేసే విధానం: ఓ గ్లాసు నల్ల శనగలు, లేదా బొబ్బర్లు, రాత్రి పడుకునే ముందు నానబోయండి. పొద్దున ఆ నీళ్ళు వంపేసి, కొత్త నీళ్ళు పోసి, కాస్త ఉప్పేసి కుక్కర్లో పెట్టండి. శనగలకి నాలుగైదు విజిల్స్, బొబ్బర్లకి రెండు చాలు. గింజని వేళ్ళ మధ్య నొక్కితే చితకాలి, ముద్ద కాకూడదు. ఉడికిన నీళ్ళు పారబోయకుండా రాత్రి చారులో కలపడానికి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. గింజల్ని చిల్లుల గిన్నెలో వదిలేసి ఈలోపు మూకుట్లో ఓ చెంచా నూనె, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు వేయండి. శనగలు వేశాక మంట పెంచి తడి ఆరేదాకా వేయించాలి. ఆరిందో లేదో చప్పుడే చెప్తుంది: మొదట్లో సుయ్యిమంటుంది, తర్వాత గరిటె తగిలినప్పుడల్లా గింజలు గలగలమంటాయి. అక్కడ ఆపండి. నిమ్మచెక్క పచ్చిగా డబ్బాలో పెట్టుకుని తినేముందు పిండుకోండి. ఆ పులుపులోని సి విటమిన్ శనగల్లోని ఐరన్ ఒంటికి పట్టడానికి సాయపడుతుంది.

పచ్చి మొలకలు ఫ్యాషన్ అయ్యాయి కానీ, అవి మొలిచే వెచ్చని తడిలోనే బాక్టీరియా కూడా పెరుగుతుంది. అయిదు నిమిషాలు ఆవిరి మీద పెట్టి, ఆరబెట్టి తీసుకెళ్ళండి.

లంచ్: డబ్బాలు తారుమారు చేయండి

మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది ఏమిటంటే, రోజు మొత్తంలో తినే పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలి. మన బాక్స్ తెరిచి చూస్తే ముప్పావు వంతు అన్నమే. దీనికి డైట్ చార్టులేవీ అక్కర్లేదు. పెద్ద గిన్నెలో అన్నం, చిన్న గిన్నెలో కూర పెట్టే అలవాటుని తిరగెయ్యండి. పెద్దదాంట్లో కూర, చిన్నదాంట్లో అన్నం. మొదటి వారం కూర ఎక్కువైనట్టనిపిస్తుంది, తర్వాత అలవాటైపోతుంది.

అంత కూర అంటే అంత నూనె అని భయపడకండి. గోరుచిక్కుడు, బీన్స్, క్యాబేజీ, క్యారెట్ ముందు ఆవిరి మీద ముప్పావు వంతు ఉడికించి, తర్వాత చెంచాన్నర నూనెతో పోపు పెట్టి, చివర్లో నువ్వులపొడో పల్లీల పొడో చల్లితే వేపుడుకి ఏం తక్కువ కాదు. పొడి మిగిలిన తడిని పీల్చుకుంటుంది కూడా, డబ్బా కారదు. సొరకాయ, బీరకాయ ఇంట్లో తినండి, నీళ్ళూరతాయి. పచ్చికొబ్బరి వేసిన కూర ఎండాకాలం వద్దు. పప్పు గట్టిగా, కొంచెం పుల్లగా: గోంగూర పప్పు, టమాటా పప్పు, ఏప్రిల్ వచ్చిందంటే మామిడికాయ పప్పు. ఆకుకూరలకి ఎర్రగడ్డ, మెహిదీపట్నం రైతుబజార్లు మీ దారిలో ఉంటే వారానికి రెండుసార్లు దిగండి. ఒకేసారి వారానికి సరిపడా కొంటే సగం ఫ్రిజ్‌లోనే వాడిపోతుంది. గుడ్డు పెట్టుకునేవాళ్ళు పెంకుతోనే పెట్టుకుని అక్కడ ఒలుచుకోండి. చికెన్ అయితే గ్రేవీ కాకుండా పొడి ఫ్రై, అదీ ఫ్రిజ్, మైక్రోవేవ్ రెండూ ఉన్న చోటికే.

కలిపిన అన్నం కావాలంటే సద్దుల బతుకమ్మ నాటి సద్దులు గుర్తుచేసుకోండి. చింతపండు పులిహోర, నువ్వుల సద్ది, పల్లీల సద్ది, పెరుగు సద్ది, కొబ్బరి సద్ది. ఊరిని బట్టి కొంచెం మారతాయి. చెరువు గట్టు దాకా మోసుకెళ్ళి, బతుకమ్మని సాగనంపాక చీకట్లో పంచుకు తినే అన్నాలవి, చేత్తో తినడానికీ, చారు లేకుండా తినడానికీ సరిగ్గా సరిపోతాయి. కొబ్బరి సద్ది ఒక్కటి చలికాలానికి ఉంచి, మిగతావి వారంలో తిప్పుతూ ఉండొచ్చు. పక్కన ఓ కూర తప్పనిసరి. వట్టి పులిహోర లంచ్ కాదు, ప్రసాదం. చింతపండు, నిమ్మకాయ తగిలినవి అల్యూమినియం డబ్బాలో పెట్టకండి, పులుపుకి ఆ లోహం అన్నంలోకి దిగుతుంది. స్టీలో, గాజో వాడండి.

పెరుగన్నానికి ఓ చిట్కా ఉంది, తెలిసినవాళ్ళకి కొత్త కాదు. పొద్దున పెరుగు కలిపితే మధ్యాహ్నానికి పులిసి గట్టిపడుతుంది. అలా కాకుండా అన్నం కాస్త మెత్తగా వండి, వేడి మీదే మెదిపి, కాచి చల్లార్చిన గోరువెచ్చని పాలు జారుగా పోయండి. చలికాలమైతే చెంచాడు, ఎండాకాలమైతే అరచెంచా పెరుగు వేసి కలపండి. డబ్బాలోనే తోడుకుంటుంది, తినే వేళకి కమ్మగా ఉంటుంది. అల్లం తురుము, క్యారెట్ తురుము, దానిమ్మ గింజలు వేసుకోండి. దోసకాయ వేస్తే నీరు వదులుతుంది, అది పక్కన ముక్కలుగానే ఉండనివ్వండి.

జొన్నరొట్టె ఇష్టపడేవాళ్ళు వేడిగా ఉండగానే నూలుగుడ్డలో చుట్టండి, స్టీలు డబ్బాలో నేరుగా పెడితే ఆవిరికి అడుగుది తడిసిపోతుంది. మరుసటి గంటకే గట్టిపడుతుందనేవాళ్ళు పిండిని మరిగే నీళ్ళతో కలపడం లేదన్నమాట. మిగిలిన సజ్జరొట్టె, బెల్లం, నువ్వులు కలిపి నలిపితే మలీద ముద్దలు. ఆ రోజుకి ఆ రోజే తినేయాలి.

మూత ఎప్పుడు పెట్టాలి

వేడి డబ్బా, మామూలు డబ్బా: రెండింటికీ నియమం వేరు. వేడి నిలిపే స్టీలు డబ్బా అయితే ముందు మరిగే నీళ్ళు పోసి, మూతపెట్టి అయిదు పది నిమిషాలు వదిలేయండి. ఆ నీళ్ళు పారబోసి, పొగలు వస్తున్న అన్నం, పప్పు నిండుగా పెట్టి వెంటనే బిగించండి. సగం ఖాళీగా ఉంటే వేడి తొందరగా పోతుంది. మామూలు స్టీలు డబ్బాలో అలా చేస్తే మూతకి పట్టిన ఆవిరి నీళ్ళై కూర మీద పడుతుంది. దానికి పళ్ళెంలో పరిచి ఆవిరి పోయాకే మూత.

చల్లగా ఉంచడానికి ఐస్ ప్యాక్ కొనక్కర్లేదు. రాత్రి చిన్న సీసాలో పల్చని మజ్జిగ పోసి డీప్ ఫ్రిజ్‌లో పెట్టండి. గడ్డకడితే వ్యాకోచిస్తుంది కాబట్టి పైన రెండు వేళ్ళ ఖాళీ వదలండి. పొద్దున దాన్ని గుడ్డలో చుట్టి చల్లగా ఉండాల్సిన డబ్బా పక్కన నిలబెడితే దారంతా చల్లదనం ఇస్తుంది, మధ్యాహ్నానికి కరిగి తాగడానికి వస్తుంది. మే నెలలో ఇంతకన్నా మంచి ఏర్పాటు నాకు కనపడలేదు.

బిర్యానీ పార్శిల్‌కి వచ్చిన ప్లాస్టిక్ డబ్బాలు పుట్నాలు పోసుకోవడానికి బావుంటాయి. వేడి అన్నానికీ మైక్రోవేవ్‌కీ వద్దు. స్టీలు డబ్బా మైక్రోవేవ్‌లో పెట్టకూడదు కాబట్టి ఓ పింగాణీ ప్లేటు ఆఫీసు డ్రాయర్‌లో ఉంచుకోండి.

ఆదివారం గంటన్నర, రాత్రి పది నిమిషాలు

రోజూ పొద్దున అయిదింటికి లేచి ఇదంతా చేయాలంటే వారం తిరక్కుండానే ఆగిపోతుంది, పైగా ఆ భారమంతా ఇంట్లో ఒకళ్ళ మీదే పడుతుంది. ఆదివారం కందిపొడి, నువ్వులపొడి, మరమరాల మిక్స్ చేసి పెట్టుకోండి. పొడుల్లో ఉప్పు ఇంట్లో వేసే దానికన్నా తగ్గించండి. రోజుకి మొత్తం అయిదు గ్రాములే, అంటే చిన్న చెంచాడు, ఊరగాయతో సగం అయిపోతుంది. రాత్రి చేయాల్సింది గింజలు నానబోయడం, కూరగాయ కోసి డబ్బాలో పెట్టడం, మజ్జిగ సీసా ఫ్రీజర్‌లో పెట్టడం. కోసేది పిల్లలకో, మగవాళ్ళకో అప్పజెప్పండి. గోరుచిక్కుడు తుంచడానికి పాండిత్యం అక్కర్లేదు.

షిఫ్టు వాళ్ళకి, బండి మీద తిరిగేవాళ్ళకి

నైట్ షిఫ్టు వాళ్ళు అసలు భోజనం బయల్దేరే ముందే ఇంట్లో చేసెయ్యండి. అర్ధరాత్రికి తేలికది చాలు: పెరుగన్నమో, రెండు గుడ్లూ ఓ పండో. రాత్రి రెండింటికి తెప్పించుకున్న బిర్యానీ తర్వాత ఆఫీసు పని ఒక్కటీ ముందుకి సాగదు. డెలివరీ చేసేవాళ్ళు, డ్రైవర్లు చెంచాతో పని లేనివే పెట్టుకోండి: చపాతీలో చుట్టిన గుడ్డు పొరటు పొద్దున్నే తినేయడానికి, సర్వపిండి ముక్కలు మధ్యాహ్నానికి, పల్లీలు, బెల్లం జేబులో. డబ్బా డాష్‌బోర్డు మీద కాకుండా సీటు కింద నీడలో ఉంచి, ఆగిన చోటల్లా వెంట తీసుకెళ్ళండి. షుగర్ మందులు వాడేవాళ్ళు తిండి టైములు డాక్టర్‌తో మాట్లాడి పెట్టుకోవాలి, ఈ లెక్కలు చూసి మార్చుకోకూడదు. రంజాన్‌లో పక్క సీటు వాళ్ళు ఉపవాసం ఉంటే సాయంత్రం డబ్బాలో నాలుగు ఖర్జూరాలు ఎక్కువ పెట్టండి, ఇఫ్తార్ టైముకి మీటింగ్ పడితే అవే దిక్కు.

టీ విషయానికొస్తే, భోంచేసిన వెంటనే తాగితే తిన్న పప్పులోని, ఆకుకూరలోని ఐరన్ సరిగా పట్టదు. గంట ఆగండి. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ మానేయమని మాత్రం నేను చెప్పను. ఆకలి తీర్చుకోవడానికి కాకుండా, డబ్బా ఖాళీ చేశాక కబుర్ల కోసం తాగండి. అప్పుడు రెండు బిస్కెట్ల దగ్గరే ఆగుతుంది.

తిన్న డబ్బా ఆఫీసులోనే ఓసారి నీళ్ళతో తొలిచేయండి. రాత్రి దాకా మూసి ఉంచితే పప్పు వాసన మూత రబ్బరుకి పట్టేస్తుంది, ఎంత తోమినా పోదు. వారానికోసారి ఆ రబ్బరు తీసి, వేడినీళ్ళలో కాసింత వంటసోడా వేసి నానబెట్టి, ఎండలో ఆరబెట్టి పెట్టండి. సాగిపోయి మూత బిగుసుకోకపోతే స్టీలు సామాన్ల షాపులో కొత్త రబ్బరు అడగండి. డబ్బా వెంట తీసుకెళ్తే సైజు చూసి ఇస్తారు.